మెట్లు కట్టిన ఈతచెట్టు

దేవరాపల్లి దాటి రైవాడ జలాశయం దారి పట్టాక, అనంతగిరి కొండలు నీలంగా లేచి కనబడే చోట, పొలం గట్టు మీద ఒక ఈతచెట్టు ఉంది. మూడు నిలువులకు పైబడ్డ ఎత్తు. మాను నిటారుగా లేదు, అలాగని వంగిపోనూ లేదు. రంపం పళ్లలాగా అటొక గంటు, ఇటొక గంటు. అడుగున తూర్పు వైపు మొదలై, దానిపైన జానెడున్నర ఎడంలో పడమర వైపు, మళ్లీ తూర్పు, మళ్లీ పడమర. వేలు గాలిలో ఆడిస్తూ లెక్కపెట్టాను. 14.

"ఏటి బాబూ, నెక్కెడతన్నారా?" అన్నాడు గట్టు మీద కూర్చుని మోకు బాగుచేసుకుంటున్న పెద్దాయన. చెట్టు ఆయన గీసేదేనట.

"అవును తాతా. ఎన్నేళ్లుగా గీస్తున్నారు దీన్ని?"

"మీరు నెక్కెట్టీసేరు గదా. యేడుకొకటి."

లేచి వచ్చి, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో కిందనుంచి నాలుగో గంటు చూపించాడు. మిగతావాటిలో నాలుగు వేళ్లు దిగుతాయి. దాంట్లో రెండు వేళ్లకి మించి దిగలేదు. "ఇది తుపాను యేడు. మట్టలన్నీ ఇరిగిపోనాయి. జాలేసి పైపైన గీసి ఒగ్గీసేను."

ఆయన చెప్పిన తుపాను హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ ఏడు ఈ చెట్టు పడిన అవస్థ ఆ నాలుగో గంటులో ఇంకా అలాగే ఉంది. పూడలేదు, సాగలేదు, ఒక్క అంగుళం పైకి జరగలేదు. అదే దెబ్బ ఒక మామిడిచెట్టుకి తగిలి ఉంటే ఇన్నేళ్లలో బెరడు కప్పేసి, ఆనవాలుగా ఒక బుడిపె మిగిలి ఉండేది. ఈతచెట్టు ఎందుకు పూడ్చుకోలేకపోయింది? ప్రపంచంలో వింత వింత ఆకారాల చెట్లు చాలా ఉన్నాయి. వాటి ఫొటోలు చూసి అబ్బురపడటం తేలిక. కానీ ఆ వింతల్లో సగానికి తాళంచెవి ఈ గట్టు మీది చెట్టు దగ్గరే దొరుకుతుందని నా నమ్మకం.

అనకాపల్లి జిల్లాలో ఉన్నాం కాబట్టి చెరకు గడతో మొదలుపెడదాం. ఒక చెరకు ముక్క అడ్డంగా నరికి, కోసిన ముఖం ఎండకి పెట్టి చూడండి. తెల్లటి గుజ్జులో చుక్కలు చుక్కలుగా, ఎవరో సూదితో పొడిచినట్టు కనబడతాయి. ఒక్కో చుక్క ఒక్కో గొట్టాల కట్ట. నీరు పైకి, తీపి కిందికి పోయేది వాటిలోంచే. అవి ఒక వరస అంటూ లేకుండా గడంతా చెదిరి ఉంటాయి. ఈత, తాటి, కొబ్బరి మానులు కోసినా ఇదే బొమ్మ. ఈతచెట్టు చెట్టులాగా కనబడుతుంది గానీ, వంశం లెక్కన చెరకుకీ వరికీ దగ్గర, మామిడికీ వేపకీ దూరం. గింజలో ఒకే బద్ద ఉన్న జాతి.

మామిడి, వేప, టేకు అలా కాదు. వాటి బెరడుకీ కలపకీ మధ్య కాగితం మందాన ఒక బతికున్న పొర మాను చుట్టూ తొడుగులా ఉంటుంది. దాని పేరు కాంబియం. లోపలి వైపు కొత్త కలప, బయటి వైపు కొత్త బెరడు పోస్తూ ఉంటుంది. మాను లావెక్కడం, గాయం పూడటం, అంటు అతుక్కోవడం, ముళ్లకంచెలో ఇరుక్కున్న చెట్టు ఆ తీగని మింగేయడం అన్నీ దాని పనులే. టేకు దుంగ కోస్తే కనబడే వలయాలు కూడా ఏడాదికొకటి చొప్పున అది రాసిన లెక్కలే.

ఈతకి ఆ పొర లేదు. అందుకని వలయాలు లేవు, గాయం మానడం లేదు, ఒకసారి గట్టిపడ్డాక మాను లావెక్కడమూ లేదు. చెట్టంతటికీ పెరుగుదల ఒకే ఒక్క చోట, కొన మీద, మట్టల నడుమ దాక్కున్న మొవ్వులో. కొమ్ము పురుగు మొవ్వులో దూరితే కొబ్బరి రైతు గుండె ఆగినంత పని అయ్యేది ఇందుకే. పురుగు కొరికిన లేత ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణాలుగా తెగి కనబడుతుంది. అది కనబడిందంటే మొవ్వుకి ప్రాణం మిగిలిందని అర్థం. మొవ్వే చస్తే చూడటానికి కొత్త ఆకే ఉండదు.

ఇప్పుడు గీత సంగతి. చలికాలం మొదట్లో గీతగాడు చెట్టెక్కి, మొవ్వుకి కాస్త దిగువన ఒక పక్క మట్టలు కొట్టి, ఇంకా గట్టిపడని తెల్లటి లేత మానుని చెక్కుతాడు. చెక్కిన చోట కల్లు ఊరుతుంది. దోనె దిగ్గొట్టి కింద ముంత కడతాడు. గీసిన ముఖం ఆరిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పల్చగా చెక్కుతూ ఉంటాడు. అలా రుతువు ముగిసేసరికి గంటు నాలుగు వేళ్ల లోతుకి దిగుతుంది. వచ్చే ఏడు అదే పక్క గీస్తే మాను సగానికి తెగి గాలికి విరుగుతుంది. కాబట్టి ఎదుటి పక్కకి మారతాడు. ఈలోగా మొవ్వు జానెడున్నర పైకి పోయి ఉంటుంది. పాత గంటు ఎక్కడిదక్కడే. ఇలా ఏటా పక్క మార్చడం వల్ల మాను మెట్లు మెట్లుగా తయారవుతుంది. గొట్టాల కట్టలు మానంతా చెదిరి ఉండటం వల్లే చెట్టు ఇంత కోతకి తట్టుకుంటుంది. ఒక పక్కవి తెగినా రెండో పక్కవి నీళ్లు మోస్తాయి.

అంటే ఈత తనకి తాను వయసు రాసుకోలేని చెట్టు. ఆ లెక్క గీత కత్తి రాసిపెట్టింది. వలయాలు చూడాలంటే టేకుని నరకాలి. ఈతకి ఆ అక్కర లేదు. కింద నిలబడి లెక్కపెట్టుకోవచ్చు.

ఇదే చెట్టు బెంగాల్లో కల్లుకన్నా బెల్లానికి పేరుపడింది. శీతాకాలంలో తీసిన ఈత నీరాని కాచి అక్కడివాళ్లు చేసే బెల్లం కలకత్తా మిఠాయి కొట్లలో మహా గిరాకీ సరుకు. కాబట్టి అక్కడి పల్లెల్లోనూ ఇవే మెట్ల మానులు. చెరకు బెల్లానికి దేశంలోని పెద్ద బజార్లలో ఒకటున్న అనకాపల్లి పక్కన పుట్టిన ఈతచెట్టు మాత్రం బెల్లం మొహం ఎరగదు. ఎవరి రాత వాళ్లది.

పక్కనే ఉన్న తాటిచెట్టూ కల్లిచ్చేదే కదా, అది మరి స్తంభంలా నున్నగా ఎలా ఉంది అని అడగొచ్చు. తాటికి గీసేది మానుని కాదు, గెలని. పూగెల కొన కోసి ముంత కడతారు. మాను మీద కత్తి పడదు. అందుకే తాటి నిటారు, ఈత వంకర. ఒకే పని చేసే ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడి వీపు మీదే దెబ్బలున్నట్టు.

తాటి గురించి ఇంకో మాట. మాను లావెక్కదన్నాను కదా, మరి అంత లావు ఎక్కడినుంచి వచ్చింది? అది పైకి లేవకముందే కింద వెడల్పంతా సిద్ధం చేసుకుంటుంది. టెంక మొలిచాక ముందు పోయేది కిందికి, పైకి కాదు. ఆ కిందికి దిగిన మొలకే మనం కాల్చుకుని ఒలుచుకు తినే తేగ. తర్వాత ఏళ్ల తరబడి నేల మీద ఆకులు మాత్రమే కనబడతాయి, మాను జాడ ఉండదు. ఆ కాలమంతా మొవ్వు పైకి పోకుండా పక్కలకి వెడల్పవుతూ ఉంటుంది. పునాది పూర్తయ్యాకే గోడ. మన ఊళ్లో ఇళ్లు కట్టే కొందరు మేస్త్రీలకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

పునాది వేసుకోవడం చేతకాని చెట్టు కూడా ఒకటుంది. పూడిమడక వైపు సముద్రం ఒడ్డున మొగలి పొదలు చూడండి. మొగలికీ కాంబియం లేదు. దాని మాను అడుగున సన్నగా, పైకి పోనుపోను లావుగా, గరాటులా ఉంటుంది. అలా నిలబడితే పడిపోవాలి. పడకుండా మాను పక్కలనుంచి కర్రల్లాంటి వేళ్లు దించి వాటి మీద నిలబడుతుంది. వింత ఆకారమని ఫొటో తీసుకునేవాళ్లకి అది కర్రకాళ్ల మీద నిలబడ్డ చెట్టు. చెట్టుకి మాత్రం అది ఊతకర్ర.

అనంతగిరి కొండలెక్కితే జీలుగు కనబడుతుంది. తాటి కుటుంబంలోదే. చేపతోకల్లాంటి ఆకులు, గుర్రపు తోకల్లా వేలాడే గెలలు. మన్యంలో జీలుగు కల్లు తాగని ఊరు అరుదు, మాను లోపలి పిండితో జావ కాచుకునే అలవాటూ ఉంది. దీని వింత ఆకారంలో కన్నా వరసలో ఉంది. మొదటి గెల నెత్తిన వేస్తుంది. తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. ఏళ్ల మీద అలా పైనుంచి కిందికి దిగుతూ వచ్చి, ఆఖరి గెల కాయలు పండాక చచ్చిపోతుంది. పూత ఎంత కిందికి దిగిందో చూస్తే ఆ చెట్టుకి ఇంకెంత ఆయువుందో కొండమీద వాళ్లు చెప్పేస్తారు.

తాటి జాతికి కొమ్మలుండవన్నది సూత్రం. అయినా అప్పుడప్పుడు రెండు తలల తాటి, అయిదు తలల తాటి అంటూ పత్రికల్లో ఫొటోలు వస్తాయి, పసుపు కుంకుమలు పడతాయి. పిడుగో పురుగో మొవ్వుని గాయపరిచి, చంపకుండా చీల్చితే ఒక్కోసారి ఆ ముక్కలు వేటికవి పెరుగుతాయి. అది ప్రమాదం. గుజరాత్ తీరంలో, డయ్యూ దీవిలో మాత్రం ఇది ప్రమాదం కాదు, స్వభావం. అక్కడి హోకా చెట్లు తాటి చుట్టాలే, కానీ ఏ గాయమూ లేకుండానే రెండుగా, నాలుగుగా చీలుతూ పోతాయి.

మళ్లీ మన పొలం గట్టుకి వద్దాం. ఉత్తరాంధ్రలో ఎక్కడికి వెళ్లినా, తాటిచెట్టుని చుట్టుకుని లేచిన మర్రో రావో ఒకటి కనబడుతుంది. కింద చూస్తే మర్రి బోదె. పైన చూస్తే మర్రి ఆకుల్లోంచి తాటి తల. చిన్నప్పుడు మాకు పెద్దవాళ్లు ఇది పెళ్లి అని చెప్పేవారు. వృక్షశాస్త్రం పుస్తకం దీన్ని హత్య అంటుంది. మర్రిపండు తిన్న పిట్ట తాటిమట్ట మొదట్లో రెట్ట వేస్తుంది. అక్కడ చేరిన దుమ్ములో, తడిలో గింజ మొలుస్తుంది. వేళ్లు మానుని పట్టుకుని జారుతూ వచ్చి నేల తాకుతాయి. అప్పటినుంచి లావెక్కి, ఒకదాన్నొకటి అతుక్కుని వలలా బిగుస్తాయి. పట్టు చిక్కింది మామిడికో చింతకో అయితే దాని బెరడు కింది కాంబియం నలిగి, ఆహారం దారి తెగి కొన్నేళ్లకి చచ్చిపోతుంది.

తాటి మాత్రం అంత తొందరగా చావదు. నలగడానికి దానికి బెరడు కింద పొర ఏదీ? గొట్టాలన్నీ మాను లోపల చెదిరి ఉన్నాయి, మాను లావెక్కేది కాదు కాబట్టి ఉరి బిగుసుకునేదీ లేదు. మర్రి గొడుగు మొవ్వుకి ఎండ తగలకుండా కమ్మేసేదాకా రెండూ కలిసి బతుకుతాయి. ఏ లోపం వల్ల ఈత తన గాయం పూడ్చుకోలేకపోయిందో, అదే లోపం వల్ల తాటి మర్రి కౌగిలిలో ప్రాణం నిలుపుకుంటోంది. కాబట్టి పెళ్లన్న పెద్దవాళ్ల మాట మరీ తప్పేమీ కాదు.

మర్రి తన సొంత ఆకారం సంగతి వేరే చెప్పాలి. కొమ్మలనుంచి దిగే ఊడలు మొదట జుట్టంత సన్నగా గాలికి ఊగుతుంటాయి. కొన నేల తాకి, వేరూనగానే ఊడ బిగుస్తుంది. ఇది కవిత్వం కాదు. మర్రి జాతి చెట్టొకదాని ఊడలు నేలలో పాతుకున్నాక కుంచించుకుంటాయనీ, ఆ పని చేసేది వాటిలో తయారయ్యే ప్రత్యేకమైన కలపనీ 1968లో శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఊగే తాడు లాగి కట్టిన తాడవుతుంది. తర్వాత లావెక్కి స్తంభమవుతుంది. స్తంభం ఉంది కాబట్టి కొమ్మ ఇంకా ముందుకి సాగుతుంది.

ఇలా సాగిసాగి ఎంత దూరం పోవచ్చో చూడాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి వెళ్లాలి. దాని గొడుగు 19,107 చదరపు మీటర్లు, అంటే నాలుగు ఎకరాల డెబ్భై సెంట్లకు పైమాట. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. లోపలికి వెళ్లినవాళ్లకి అసలు మాను ఏదో, ఊడ ఏదో తేల్చుకోవడం కష్టం. చెట్టుకీ ఆ తేడా పెద్దగా పట్టదు. కలకత్తా పక్కన హౌరా వృక్షోద్యానంలో పెద్ద మర్రికి బూజు పట్టి కుళ్లిన అసలు బోదెని 1925లో తీసేశారు. మొదలు లేని చెట్టు ఆనాటినుంచి ఊడల మీదే బతుకుతూ, ఇంకా నాలుగు పక్కలకీ పాకుతోంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అదృష్టం అంత బాగులేదు. చెదలు తిన్న పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, 2018లో ఆసుపత్రి సెలైన్ సీసాల్లాంటివి కొమ్మలకి వేలాడదీసి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. చెదలొక్కటే కాదు, ఎక్కువమంది తొక్కిన చెట్టు కింద నేల గట్టిపడి ఊడ దిగదు. దిగని ఊడ కొమ్మని మోయదు. అంత పెద్ద మర్రికి గొడ్డలి అక్కర్లేదు, కింద నేల గట్టిపడితే చాలు.

తెలుగు నేల మీద లావులో పేరుమోసిన చెట్టు మాత్రం మర్రి కాదు. గోల్కొండ కోటలో, నయాకిలా అనే భాగంలో ఉంది. హాతియాన్ కా ఝాడ్, ఏనుగుల చెట్టు అంటారు. మాను చుట్టుకొలత 27 మీటర్ల పైచిలుకు, అంటే చేతులు బార్లా చాచిన పదహారుమంది నిలబడితే గానీ చుట్టు పూర్తవదు. ఎత్తు చూస్తే 24 మీటర్లే. దూరాన్నించి ఏనుగుల మంద ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడినట్టే ఉంటుంది. చర్మం కూడా అలాంటి బూడిదరంగే, అలాంటి ముడతలే. ఇది ఆఫ్రికా బావోబాబ్. నాలుగు వందల ఏళ్ల కిందట అరబ్బు వర్తకులు గోల్కొండ సుల్తానులకి కానుకగా తెచ్చారని చెబుతారు. లోపలి తొర్రలో నలభైమంది దొంగలు దాక్కునేవారని కథ.

తొర్ర అనగానే లోపల కుళ్లి ఖాళీ అయిందనుకుంటాం. బావోబాబ్ విషయంలో అన్నిసార్లూ అలా కాదు. రుమేనియా శాస్త్రజ్ఞుడు అడ్రియన్ పత్రుట్ బృందం ఆఫ్రికాలో ముసలి బావోబాబ్‌ల తొర్రల లోపలినుంచి ముక్కలు తీసి రేడియో కార్బన్ పద్ధతిలో వయసు కట్టింది. కుళ్లిన తొర్ర అయితే, నడిబొడ్డుకి దగ్గరగా ఉండే లోపలి గోడలో పాత కలప ఉండాలి. చాలా చెట్లలో అది తిరగబడింది. తొర్ర గోడకి దగ్గర్లో కలప లేతగా ఉంది, గోడ మందంలో లోపలికి పోనుపోను ముదురుగా ఉంది. అంటే అది ఒక మాను కాదు. వలయంగా లేచిన కొన్ని మానులు పక్కపక్కన లావెక్కి అతుక్కుపోతే మధ్యలో మిగిలిన ఖాళీ. అందుకే దాన్ని దొంగ తొర్ర అన్నారు. అతుకుడు పని మళ్లీ కాంబియందే. ఈతకి లేనిది బావోబాబ్‌కి కావలసినదానికన్నా ఎక్కువ ఉంది.

బావోబాబ్ పీపాలాంటి ఆకారం ఎందుకంటే నీళ్లు దాచుకోవడానికని బడి పుస్తకాలు చెబుతాయి. పచ్చి కలప బరువులో మూడొంతులకు పైగా నీళ్లే, నిజం. కానీ మడగాస్కర్ బావోబాబ్‌ల మీద 2006 ప్రాంతంలో జరిగిన పరిశోధనలో ఆ నీటిని చెట్టు ఎండాకాలమంతా తాగుతూ కూర్చోదని తేలింది. దాంట్లో కొంత మాత్రం, వానలకి ముందు కొత్త చిగురు తొడగడానికి వాడుకుంటుంది. మిగతాది కదిలిస్తే మెత్తటి మాను చప్పబడి కూలిపోతుంది. నీళ్లు ఇక్కడ దాహానికి ఎంతో, నిలబడటానికీ అంతే. గాలి నింపిన సైకిలు ట్యూబు బిర్రుగా ఉన్నట్టు. ఆఫ్రికాలోని 13 అతి ముసలి బావోబాబ్‌లలో 9 గత పన్నెండేళ్లలో పూర్తిగానో సగమో చచ్చిపోయాయని పత్రుట్ బృందమే 2018లో రాసింది. వాటితో పోలిస్తే మన గోల్కొండ చెట్టు పడుచుది.

కాంబియం ఉన్న చెట్టుకి ఇంకో విద్య తెలుసు. వాలిపోతే లేవడం. హుద్‌హుద్‌కి గంటకి 180 కిలోమీటర్ల గాలిలో లక్షల చెట్లు పడ్డాయి. వేరు తెగకుండా ఒరిగినవాటిని ఇప్పుడు చూడండి. మొదలు వాలుగా పోయి, కొంత దూరంలో మెడ తిప్పినట్టు పైకి లేచి ఉంటాయి. చెట్టు కొన కణాల్లో చిన్న చిన్న పిండిరేణువులుంటాయి. మాను ఒరిగితే అవి కణంలో కొత్త అడుగుకి జారతాయి. ఏది కింద, ఏది పైన అన్నది చెట్టుకి అలా తెలుస్తుంది. సరుగుడు, మామిడి లాంటివి వాలిన మాను పైపక్కన లాగే కలప పోసుకుంటాయి. తాడు కట్టి లాగినట్టు అది మానుని నిటారు చేస్తుంది. పైన్ జాతి దీనికి తలకిందులు. కిందిపక్కన నెట్టే కలప పోసుకుని, జాకీ పెట్టి ఎత్తినట్టు లేస్తుంది. ఒకే జబ్బుకి రెండు వైద్యాలు.

పోలండ్‌లో గ్రిఫినో అనే ఊరి పక్క వంకర అడవి ప్రపంచమంతా పేరుమోసింది. దాదాపు 400 పైన్ చెట్లు, అన్నిటికీ మొదట్లో కొడవలి వంపు, అన్నీ ఉత్తరం వైపే. 1930 ప్రాంతంలో నాటినవి. దయ్యాలనీ, భూమ్యాకర్షణలో తేడా అనీ రకరకాల కథలు పుట్టాయి. ఎవరో పడవల కోసమో, కుర్చీల కోసమో కుర్ర మొక్కల్ని కావాలని వంచారన్నదే నాకు నమ్మదగ్గ మాటగా తోస్తుంది. వంచినవాళ్లు యుద్ధంలో ఊరొదిలి ఉంటారు. చెట్లు నెట్టే కలప పోసుకుని లేచాయి. హుద్‌హుద్ తర్వాత మన సరుగుడు చేసింది కూడా అంతకన్నా వేరేమీ కాదు.

మనుషులెవరూ ముట్టుకోకుండానే వాలే చెట్టు ఒకటుంది. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేవాటిలో కుక్ పైన్ అనే రకం. పుట్టిల్లు పసిఫిక్‌లోని న్యూ కాలిడోనియా దీవులు. 2017లో అయిదు ఖండాల్లో 256 కుక్ పైన్‌లని కొలిస్తే సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు వాలి ఉన్నాయి, అంటే పీసా గోపురం వాలుకి రెండింతలు. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నవి దక్షిణానికి, దక్షిణాన ఉన్నవి ఉత్తరానికి. అన్నీ భూమధ్యరేఖ వైపే మొగ్గాయి. ఎందుకో ఇంకా గట్టిగా తేలలేదు. దేవరాపల్లి దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మీ వీధిలో ఎవరి ప్రహరీ లోపలైనా నిజమైన కుక్ పైన్ ఉంటే అది దక్షిణానికి ఒరిగి ఉండాలి. గోడ మీద నీడ చూసి కాదు, తాపీ మేస్త్రీ తూకపు గుండు దారం పట్టి చూడండి.

ఈత వంశానికి కాంబియం లేదన్నాను. ఆ ఒంటిబద్ద గింజల వంశంలోనే ఒక చెట్టు మొండికేసి లావెక్కడం నేర్చుకుంది. యెమెన్‌కి చెందిన సొకోత్రా దీవిలోని డ్రాగన్ రక్తపు చెట్టు. ఈదురుగాలికి వెనక్కి తిరిగిన గొడుగులా ఉంటుంది, గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. మామిడిలాంటి కాంబియం కాకపోయినా దానికి సొంత పద్ధతిలో ఇంకో పొర ఉంది. చెదిరిన గొట్టాల కట్టల్నే కొత్తగా చేర్చుకుంటూ పోతుంది. వానలు తక్కువైన ఆ కొండల మీద పొగమంచే నీటి వనరు. పైకి నిక్కిన ఆకులు మంచు బిందువుల్ని పట్టి మొదటికి జారుస్తాయి, గొడుగు నీడ ఆ తడిని ఆరిపోనివ్వదు. దీని సొంత చుట్టం మీ ఆఫీసు బల్ల మీద గాజు గిన్నెలో ఉండే ఉంటుంది. లక్కీ బ్యాంబూ అని అమ్ముతారు. వెదురు కాదు, ఆ డ్రాగన్ రక్తపు చెట్టు జాతి డ్రసీనాయే.

మనుషులు కావాలని చెట్లకి ఆకారాలిచ్చిన కథలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఆక్సెల్ ఎర్లాండ్‌సన్ అనే రైతు మొక్కల్ని వంచి, అంటుకట్టి బుట్టల్లా, నిచ్చెనల్లా పెంచి 1947లో చెట్ల సర్కస్ తెరిచాడు. మేఘాలయలో ఖాసీలు రబ్బరు మర్రి ఊడల్ని వాగు దాటించి, తరం తర్వాత తరం పెంచి వంతెనలు చేసుకున్నారు. వాళ్ల పనితనం గొప్పదే. అయితే మన రోడ్ల పక్క, ఎవరూ చూడ్డానికి రాని శిల్పాలు ఉన్నాయి. చోడవరం రోడ్డో, ఏ ఊరి రోడ్డో, కరెంటు తీగల కింద నాటిన చెట్లని గమనించండి. ఏటా వానలకి ముందు నడినెత్తి నరుకుతారు. నరికిన చోట మొవ్వు లేదు, ఉన్నది కాంబియం, పక్కనున్న నిద్రమొగ్గలు. అవి లేచి రెండు పక్కలకీ పోతాయి. పదేళ్లకి చెట్టు పంగలకర్రలా తయారవుతుంది, నడుమ తీగలు పోతుంటాయి. తీగల కింద పొట్టి జాతి చెట్టు నాటితే ఈ ఖర్చూ ఉండదు, చెట్టుకీ బాధ ఉండదు. నరికేవాళ్లకీ నాటేవాళ్లకీ పొత్తు కుదరక ఏటా అదే తంతు.

తిరిగి వస్తుంటే సాయంత్రమైంది. ఎండ కొండల మీదికి పోయి, ఈతచెట్టు గంటుల్లో నీడ చేరింది. పద్నాలుగూ దూరం నుంచే విడివిడిగా కనబడుతున్నాయి. అడుగున నాలుగోది మాత్రం లోతు లేక నీడ పట్టలేదు. పెద్దాయన మోకు భుజాన వేసుకుని సైకిలెక్కుతున్నాడు. ఈసారి ఎటువైపు గీస్తారని అడిగాను.

"పద్నాలుగోది పడమరకున్నాది గదా బాబూ," అన్నాడు. "తూరుపుకే."

పదిహేనో గంటు చలికాలంలో పడుతుంది.